అక్క ఆకులో పులిహోర

సాత్వికురాలంట! మితభాషిణంట!

ఇవాళ ఆదివారం. పొద్దున్నే మాంసానికని బజారుకు పోతే, నాలుగు రోడ్ల దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో మా అక్క కనిపించింది. ప్రథమ వర్ధంతి. పైన రెండు పావురాలు, కింద రెండు దీపాలు, మధ్యలో అక్క. ఆ ఫొటో నాకు బాగా తెలుసు. ఎవరిదో పెళ్ళిలో తీసింది. అందులో అక్క పక్కనున్న వడ్డించేవాణ్ణి కసురుకుంటోంది. వడ్డించేవాణ్ణి కత్తిరించేశారు. అక్క ముఖంలో కోపాన్ని కూడా కంప్యూటర్లో నునుపు చేయించి, పెదాల మీద నవ్వులాంటిదేదో అతికించారు. కింద పెద్ద అక్షరాలతో "సాత్వికమూర్తి, మితభాషిణి" అని వేయించారు. నాకు నడిబజార్లో ఒళ్ళు మండిపోయింది.

మితభాషిణి! ఆమె పెరట్లో నిలబడి ఒక్క కేక వేస్తే వెనక వీధి పలకల కార్ఖానాలో పనివాళ్ళు చేతిలో పని ఆపేవాళ్ళు.

మాంసం కొట్టు అతను నన్ను చూసి, "ఏందక్కా, ఇయ్యాల మీ కాంపౌండులో భోజనాలు గదా. పప్పన్నమని పిలిచినారే" అన్నాడు.

"వాళ్ళ భోజనాలు వాళ్ళవి. నాకు మెడ, తొడ కలిపి కొట్టు. ఎముకలు తియ్యొద్దు" అన్నాను. నా గొంతు విని అతను కత్తి అందుకున్నాడు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య, నాకు తోడికోడలు. మార్కాపురంలో మావి ఒకే కాంపౌండులో రెండు వాటాలు, వెనకాల ఉమ్మడి పెరడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి నిరుడు కార్తీకంలో ఆమె పోయేదాకా మా ఆదివారాలన్నీ ఆ పెరట్లోనే గడిచాయి. ఆమె ఎలాంటి మనిషో నాకు తెలుసు. ఆ ఫ్లెక్సీ వేయించిన వాళ్ళకూ తెలుసు. తెలిసే వేయించారు, అదీ నా మంట.

అక్కకు కుక్కర్ అంటే పడేది కాదు. పప్పుకు సరే అనేది గానీ మాంసానికి మాత్రం దాన్ని పెరటి గడప దాటనిచ్చేది కాదు. "ఈలేసి పిలిస్తే వచ్చేదానికి రుచేముంటాదే?" అనేది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి. కందికట్టెతో అంటించి, తుమ్మ మొద్దు పెట్టి, అది మండి నిప్పులయ్యేదాకా ఆగి, అప్పుడు మట్టి దాక ఎక్కించేది. కొంచెం నూనె, సగం సగం కోసి పడేసిన ఉల్లిగడ్డలు, మాంసం, ఉప్పు, పసుపు. చుక్క నీళ్ళు పోసేది కాదు. "దాని నీళ్ళు దాని దగ్గరే ఉండాయిలే" అనేది. దాకకు మూత పలకరాయి. మా ఊళ్ళో పలకలు కోయగా మిగిలిన బండముక్కలు ఎక్కడ చూసినా పడి ఉంటాయి. దాక మూతికి సరిపోయేది ఒకటి ఏరి తెచ్చుకుంది. ఆ బండ మీద కూడా నాలుగు నిప్పులు వేసేది. ఆ తర్వాత పీట వేసుకుని, రెండు కాళ్ళూ ముందుకు చాపుకుని కూర్చునేది. ఇక మధ్యాహ్నం దాకా ఆ మనిషి లేవదు.

మసాలా ఎప్పుడో చివర్లో. వేయించిన ధనియాలు, ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేసేది. ఎంత వేసినావక్కా అంటే "వేసినంత" అనేది. అంతకు మించి ఎవరికీ చెప్పలేదు, ఆమెకే తెలియదు కాబట్టి.

మధ్యలో మూత తీశారో, అయిపోయారు. వాసనకు ఆగలేక బావ వచ్చి బండ మీద చెయ్యి వేస్తే, కందికట్టెతో ఆ చేతి మీద ఒకటేసేది. "తొందరుంటే కోడిగుడ్డు పొరటు చేసుకోపో!" ఆ మాట పడనివాళ్ళు మా రెండు వాటాల్లో లేరు. వచ్చిన చుట్టాలూ పడ్డారు. ఒకసారి పొయ్యి పక్కన నిలబడి ఇంకా ఎంతసేపని అడిగిన ఆమె సొంత వియ్యంకుడు కూడా పడ్డాడు. ఆయన నిజంగానే గుడ్డు పొరటు తిని వెళ్ళిపోయాడు. అక్క ఆయన్ను బతిమాలలేదు.

ఉడికిందో లేదో చూడటానికి ముక్క నోట్లో వేసుకునేది కాదు. పాత గుడ్డతో దాక అంచులు పట్టుకుని ఇటూ అటూ ఒకసారి ఊపేది. లోపల ముక్కలు ఎముక వదిలి జారే చప్పుడు ఆమెకు వినిపించాలి. వినిపించకపోతే ముఖం చిట్లించి మళ్ళీ కూర్చునేది. అప్పుడు మేమంతా ఆకలితో ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్ళం.

ఇక బీరు సంగతి. రాస్తున్నాను, ఎవరేమనుకుంటే అనుకోండి. ఆదివారం మధ్యాహ్నం మా అక్క ఒక సీసా బీరు తాగేది. బాధ మర్చిపోవడానికో, ఎవరో బలవంతం చేస్తేనో కాదు. ఇష్టమై తాగేది. అందులో ఒక గ్లాసు నాకు పోసేది. నేనూ తాగేదాన్ని. స్టీలు గ్లాసులు రెండు కడిగి ముందే ఫ్రిజ్జులో పెట్టించేది. గ్లాసు పక్కకు వంచి, నురుగు పొంగకుండా, ఎంతో ఓపికగా పోసేది. ఆమెలో ఓపిక కనిపించేది ఆ ఒక్క పనిలోనే. మొదటి గుక్క మింగి, ఎడమ కన్ను మూసి, ఎవరినో ఒకరిని తిట్టేది. వారానికొకరు. ఒక వారం కరెంటోళ్ళు, ఒక వారం కొళాయి వదిలేవాడు, ఒక వారం బంగారం రేటు చెప్పే వంకతో చీటికీ మాటికీ ఫోన్ చేసే చెల్లెలు. ఒకసారి నన్నే అందుకుంది, జొన్నరొట్టె మందంగా చేశానని. ఆ తిట్టు అయ్యాకే రెండో గుక్క. అప్పటికి ముఖం విప్పారేది.

"చేదుండాలే బీరంటే. చేదు లేని బీరు, కారం లేని కూర నాకెందుకు?" అనేది.

మధ్యలో కొన్నేళ్ళు మా దగ్గర షాపుల్లో ఆమెకు నచ్చిన బీరు దొరకలేదు. ఎన్నడూ వినని పేర్లతో ఏవేవో సీసాలు వచ్చేవి. బావ తెచ్చిన అలాంటి సీసా ఒకటి తెరిచి, ఒక గుక్క తాగి, పెరటి గోడవతలికి ఉమ్మేసింది. "థూ! ఇది బీరా, దగ్గు మందా? నేను తాగను. నువ్వే తాగుపో!" అని పలకబండ పక్కకు జరిపి, సీసా సగానికి పైగా దాకలోకి గుమ్మరించింది. నేను కెవ్వుమన్నాను. అంత మాంసం పాడైపోయిందనుకున్నాను.

ఆ రోజు కూర ఎలా కుదిరిందంటే, ఎముక పట్టుకుంటే ముక్క దానంతట అదే చేతిలోకి ఊడి వచ్చింది. మా వదిన, అంటే మా ఆయనకూ బావకూ అక్క, ఆ వేళ బేస్తవారిపేట నుంచి వచ్చి ఉంది. ఎముకలన్నీ చీకింది. దాక అడుగున అంటుకున్నది కూడా రొట్టెముక్కతో తుడుచుకుని తిన్నది.

"ఏమేసినావు మరదలా ఈసారి? ఇంత కమ్మగుంది" అని అడిగింది.

"కోపమేసినా వదినా" అంది అక్క. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరిగెత్తాను. అప్పటి నుంచి పనికిరాని సీసా వస్తే అది దాకలోకే పోయేది. వదిన వచ్చిన ఆదివారాల్లో మరీ పనిగట్టుకుని పోసేది.

మంచి బీరు కావాలంటే హైదరాబాదు పోయినప్పుడే. ఒకసారి అక్కడొక పెళ్ళికి పోయి, కారులో శ్రీశైలం దారిన తిరిగి వస్తున్నాం. అక్క, బావ, నేను, అద్దె కారు డ్రైవరు. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర ఆపి, పక్క రాష్ట్రం మందుందేమోనని డిక్కీ తెరిపించారు. అక్క పట్టుచీరల మధ్య పడుకోబెట్టిన రెండు సీసాలు బయటపడ్డాయి. చెక్‌పోస్టు అతను వాటిని చేత్తో పట్టుకుని "ఎవరివి సార్ ఇవి?" అన్నాడు బావను చూసి.

బావ డిక్కీ వైపు చూడకుండా, "అవా... డ్రైవరు పెట్టుకున్నట్టుండాడు" అన్నాడు.

ఆ డ్రైవరు ముఖం తెల్లబోయింది. అక్క అవతలి తలుపు తెరుచుకుని దిగింది. "డ్రైవరువి కావు నాయనా. నావి. నేను తాగేటియ్యి. రాసుకుంటే నా పేరు రాసుకో" అంది. ఆ చెక్‌పోస్టు పిల్లవాడు ఆమెను చూశాడు, సీసాలు చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. "రెండే గదమ్మా, పోండి" అని వాటిని తనే చీరల మధ్య జాగ్రత్తగా పెట్టాడు. కారు కదిలాక అక్క బావ మీద పడింది. "వాని కూడు పోతే నువ్వు పెడతావా? నా సీసా నాదని చెప్పనీకె నీకేం రోగం?" మార్కాపురం వచ్చేదాకా ఆపలేదు. డ్రైవరు మాత్రం నవ్వు ఆపుకోలేక అవస్థ పడ్డాడు.

ఇదీ మా సాత్వికమూర్తి.

నిరుడు కార్తీకంలో గుండెపోటు వచ్చింది. ఒంగోలు చేరకముందే అయిపోయింది. దాని గురించి నేను రాయలేను. మూడో రోజు గురించి రాస్తాను.

మాలో మూడో రోజు కాటి దగ్గర ఆకు వేస్తాం. ఆడవాళ్ళం కూడా పోతాం. పోయిన మనిషికి ఏవేవి ఇష్టమో అవన్నీ వండి ఆ ఆకులో పెడతాం. కాకి ముడితే మనిషి తిన్నట్టు. బతికినన్నాళ్ళూ ఆ మనిషి నోటికి ఏది హితవుగా ఉండేదో నలుగురిలో చెప్పడం అది. అంతకన్నా ఆ మనిషికి చేసే మర్యాద ఏముంది? మా మామ పోయినప్పుడు ఆయన ఆకులో తలకాయ కూర పెట్టి, పక్కన బ్రాందీ సీసా మూత తీసి నిలబెట్టి, ఆకు చుట్టూ నాలుగు చుక్కలు పోసింది ఎవరనుకున్నారు? మా వదినే. పోస్తూ "నాయనా, నీకిష్టమని తెచ్చినాం, తాగు" అని ఏడ్చింది కూడా. అదీ కార్తీకమే.

అందుకని అక్క పోయిన మర్నాడు సాయంత్రం నేను బావ వాటాలోకి వెళ్ళి చెప్పాను. "రేపు తెల్లారే పొయ్యి అంటిస్తా బావా. దాక నేనెక్కిస్తా. బీరు మాత్రం మంచిది తెప్పించు" అన్నాను. హాలు నిండా చుట్టాలున్నారు. బావ తల దించుకున్నాడు. వదిన అందుకుంది.

"కార్తీకమాసంలో నీసేందే? పుణ్యకాలం చూసుకుని పోయింది మహాతల్లి. పులిహోర, గారెలు, పరమాన్నం పెడదాం."

"మామ పోయింది కార్తీకం కాదా వదినా?"

"ఆయన మగోడు."

"కాకికి తెలుస్తాదా, ఇది మగోళ్ళ ఆకు, ఇది ఆడోళ్ళ ఆకు అని?"

"నీ నోరు పడ! ఆడమనిషి ఆకు ముందర బీరు సీసా పెడితే ఊరు ఏమనుకుంటాది? అసలు ఆమె తాగంగా ఎవురు చూసినారు? నేనైతే చూల్లేదు."

నేను నిలువునా రగిలిపోయాను. ఎన్ని ఆదివారాలు అదే పెరట్లో, అక్క గ్లాసుకు మూరెడు దూరంలో కూర్చుని ఎముకలు చీకిందీ మనిషి! "చూల్లేదా? సరే వదినా, నువ్వు చూల్లేదు. కానీ తిన్నావు. దాక అడుగు రొట్టెతో తుడుచుకుని తిన్నావే, ఆ కూరలో సగం సీసా బీరుండె. ఆ ఒక్కరోజే కాదు, నువ్వొచ్చిన చానా ఆదివారాలు" అన్నాను.

వదిన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తమ్ముడి మీద విరుచుకుపడింది. "ఏంరా, నిజమేనా? నీ పెండ్లాం తాగేదా? నన్ను భ్రష్టు పట్టించినారా మీరంతా?"

అందరూ బావను చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఒక్క మాట. తాగేది, దానికది ఇష్టం అని ఒక్క మాట అంటే చాలు.

"మా ఇంట్లో ఆడోళ్ళు తాగరక్కా" అన్నాడు బావ. "ఆ సీసాలు నావి. నేను తెచ్చుకున్నయ్యి."

ఆమె బతికున్నప్పుడు చెక్‌పోస్టు దగ్గర ఆ సీసాలు ఆయనవి కావు. ఆమె పోయాక అన్నీ ఆయనవే అయ్యాయి. నేను మా ఆయన వైపు తిరిగాను. ఎన్నోసార్లు ఆ సీసాలు ఫ్రిజ్జులో పెట్టిన మనిషి. ఆయన ద్వారబంధానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఫోన్‌లో ఏమీ లేదు. తెర ఆరిపోయి ఉంది.

మర్నాడు అక్క ఆకులో పులిహోర పెట్టారు. గారెలు, పరమాన్నం, పెరుగువడ పెట్టారు. జన్మలో ఆమె పరమాన్నం రెండో చెంచా తిని ఎరగదు. కాకి ముట్టకూడదని, వీళ్ళ ముఖాలు మాడిపోవాలని నేను ఎదురుగా నిలబడి మొక్కుకున్నాను. అందరూ వెనక్కి జరిగారో లేదో కాకి వాలింది. ఒకటి కాదు, మూడు. గారె కోసం కొట్టుకున్నాయి.

"చూసినావా, ఎంత ఇష్టంగా తింటాందో తల్లి" అని వదిన కళ్ళొత్తుకుంది.

కాకికేం తెలుసు! బ్రాందీ షాపు వెనక పారేసిన ఎంగిలి మిక్చరు ఏరుకుని తినే కాకి! దాని సాక్ష్యంతో నా అక్క జీవితమంతా కొట్టేశారు.

ఇంటికి వచ్చాక బావ కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే పోయి అడిగాను. "ఎందుకట్లన్నావు బావా?"

"పోయిన మనిషమ్మా. నలుగురు నాలుగు రకాలు అనుకుంటారు. దాని పేరు చెడకూడదని."

"బతికున్నప్పుడు ఆమెకు లేని భయం నీకెందుకు? ఆమె పేరు ఆమె చూసుకున్యాది. నువ్వు లేని మనిషినెవర్నో తెచ్చి పెట్టినావు. మా అక్కను యాడ పెట్టినావు?"

ఆయన ఏడ్చాడు. ఏడవనీ అనుకున్నాను. నాకు జాలి కలగలేదు, ఇవాళ్టికీ కలగదు.

ఏడాది తిరిగింది. ఇవాళ కాంపౌండు ముందు షామియానా వేసి సంవత్సరీకం భోజనాలు పెట్టారు. నేను పోలేదు. తెచ్చిన మాంసం కడిగి, పెరట్లో పొయ్యి అంటించాను. గాలి ఇటు నుంచి అటు ఉంది. పొగా, వాసనా తిన్నగా షామియానాలోకే పోయాయి. వదిన ముక్కు మూసుకుని పెరటి గుమ్మం దాకా వచ్చింది. "ఇయ్యాల కూడానా?" అంది. "ఇయ్యాలే" అన్నాను. వెళ్ళిపోయింది.

నిప్పుల ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా తిట్టే మనిషి లేదు. సీసా తెరిచి ఒక గ్లాసు పోసుకున్నాను. మంచి బీరే, చేదుగా బాగుంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పొగకు కాదు.

ఎండ వాలుతుండగా మా ఆయన వచ్చాడు. అక్కడ భోంచేసే వచ్చాడు, చేతికింకా సాంబారు వాసన కొడుతోంది. "ఏం తిన్నట్టు లేదే. రెండు ముక్కలు పెట్టు" అని పక్కన కూలబడ్డాడు. కంచంలో వేసి ఇచ్చాను. ఎముక పట్టుకుని, ఊది, నోట్లో పెట్టుకున్నాడు. నా గ్లాసు ఆయన మోకాలికి ఆనుకుని ఉంది.

"ఒక మాట అడుగుతా, చెప్పు" అన్నాను. "రేపు నేను పోతే, నా ఆకులో ఏం పెడతావు?"

"ఇప్పుడెందుకే ఆ మాటలు?"

"చెప్పు."

నమలడం ఆపాడు. నన్ను చూశాడు. దాకను చూశాడు, గ్లాసును చూశాడు, పెరటి గుమ్మం వైపు ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"పెరుగన్నం" అన్నాడు.

నేను పెరుగు తినను. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముట్టలేదు, ఆ వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది. పెళ్ళయిన నాటి నుంచి రోజూ రాత్రి ఈయన కోసం ముక్కు పక్కకు తిప్పుకుని పాలు తోడుపెట్టేది నేను. ఈయన కంచంలో పెరుగు వేసి, లేచిపోయి చెయ్యి కడుక్కొచ్చేది నేను.

"ఏం, కాదా?" అన్నాడు, ఇంకో ముక్క వేయమని కంచం ముందుకు జరుపుతూ.